పేరు చెప్పడానికి ఇష్టపడని ఇద్దరు

“కంగారు పడకు, నీ పేరు ఎక్కడా రాలేదులే” అన్నాడు రస్సెల్.

గ్రసియేలా అప్పుడు వంటింటి గట్టు దగ్గర నిలబడి, కూర వండడానికి నాగజెముడు ఆకులకి ముళ్ళు గీకుతోంది. ఆదివారం పొద్దున్న ఆ పని ఆమెకి ఇష్టం. కత్తిని పడుకోబెట్టి నెమ్మదిగా గీకితే ముల్లు మొదలంటా లేచి వస్తుంది, తొందరపడితే వేల్లోకి దిగుతుంది. అతని మాట వినగానే చెయ్యి ఆగిపోయింది. తన పేరు ఎక్కడ రావాలి? ఎందుకు రావాలి? వెనక్కి తిరిగి చూస్తే బల్ల మీద పేపరు పరిచి ఉంది. కాఫీ కప్పు, వెన్న గిన్నె పక్కకి జరిపి మరీ పరిచాడు. మొదటి పేజీలో పైనే ఉంది వార్త. ‘నీలిచిత్రాల నటుల్లో పదమూడు మందికి హెచ్‌ఐవి. విషయం దాచిపెట్టిన క్లినిక్.’ దాని కింద, రాసిన విలేకరిగా, రస్సెల్ టేట్ అని ఆమె భర్త పేరు. మొదటి పేజీ మీద ఆ పేరు చూసి నాలుగేళ్ళయింది.

ఆమె చేతులు తుడుచుకుని నిలబడే చదివింది. క్లినిక్ పేరు చూసింది. వాన్ నైస్‌లో, పళ్ళ డాక్టరు పైన రెండో అంతస్తులో, తను పదకొండేళ్ళుగా రక్తం తీస్తున్న క్లినిక్. ఆ సినిమాల్లో చేసేవాళ్ళు నెలకోసారి వచ్చి పరీక్ష చేయించుకుని కాగితం పట్టుకెళ్ళే చోటు. ఆ కాగితం లేకపోతే షూటింగుకి రానివ్వరు. ‘క్లినిక్‌లో పనిచేసే ఒకరు చెప్పినదాని ప్రకారం ఈ ఏడాది పదమూడు మందిని మళ్ళీ పిలిపించారు’ అని రాశాడు. రెండు పేరాల కింద, ‘రికార్డులతో దగ్గరి పరిచయమున్న మరొకరు ఈ విషయాన్ని ధ్రువీకరించారు’ అని రాశాడు. ‘ఇద్దరూ తమ పేర్లు చెప్పడానికి ఇష్టపడలేదు.’

“నేను మళ్ళీ పిలిచామని చెప్పాను రస్సెల్. జబ్బుందని చెప్పలేదు.”

“మళ్ళీ ఎందుకు పిలుస్తారు మరి? టీ తాగడానికా?”

“గొట్టం పగిలితే పిలుస్తాం. రక్తం చాలకపోతే పిలుస్తాం. మొదటి పరీక్షలో కాస్త అనుమానం వస్తే పిలుస్తాం. రెండో పరీక్ష చేస్తేగాని ఏదీ తేలదు. పదమూడు మందిలో పన్నెండు మందికి ఏమీ లేదు. మిగిలిన ఒక్కాయన ఆ సినిమాల మనిషే కాదు, మా వీధి చివర టైర్ల షాపు...” ఆమె ఠక్కున ఆగిపోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి తన ఇంట్లో మాట మింగింది.

రస్సెల్ నవ్వాడు. ప్రేమగానే నవ్వాడు. “క్లినిక్ మీకు అలా చెబుతుందిలే, గ్రసీ” అన్నాడు. మళ్ళీ తన రొట్టె మీద వెన్న రాసుకున్నాడు.

“రెండో మనిషి ఎవరు?” అంది.

“ఉన్నారు.”

“మాలో ఎవరు?”

“అలా అడగకూడదు. నీకు తెలుసుగా ఆ రూలు.”

ఆమె మళ్ళీ గట్టు దగ్గరికి వెళ్ళింది. ఆకు చేతిలోకి తీసుకుంది గాని ఆలోచన పేపరు దగ్గరే ఉంది. రికార్డులతో దగ్గరి పరిచయమున్న మరొకరు. ఆ మరొకరి మాటగా అతను రాసిన వాక్యం ఆమెకి ఎక్కడో విన్నట్టుంది. ‘ఫోన్ చేసి మళ్ళీ రమ్మంటే అవతల చాలాసేపు ఊపిరి కూడా వినిపించదు.’ ఎక్కడ విన్నది? బేకర్స్‌ఫీల్డ్‌లో అత్తగారింటి నుంచి కారులో వస్తున్నప్పుడు, కొండ దిగే దారిలో, తనే అంది ఆ మాట. మొదటి మనిషి చెప్పిన లెక్క మాత్రం మార్చి నెలలో ఈ గట్టు దగ్గరే గిన్నెలు తోముతూ అంది. అతను తడి గిన్నెలు తుడిచి అందిస్తూ “అలాగా, ఎంతమంది?” అన్నాడు. భర్త గిన్నెలు తుడుస్తున్నాడని, పని గురించి అడుగుతున్నాడని ఆ రోజు ఎంత సంతోషపడింది! ఇరవై ఏళ్ళ కాపురంలో తన పని గురించి అతను అడిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అతని పనైతే ఆమెకి కంఠతా వచ్చు. రికార్డరులో అతను తెచ్చే మాటలన్నీ టైపు చేసి పెట్టింది ఆమె. స్పానిష్‌లో ఎవరైనా మాట్లాడితే తర్జుమా చేసింది ఆమె. ఊళ్ళ పేర్లు, తేదీలు, లెక్కలు సరిచూసింది ఆమె. ‘నువ్వు నా రెండో జత కళ్ళు’ అనేవాడు. ఈసారి మాత్రం చూపించలేదు. చూపిస్తే తప్పు దొరుకుతుందని కాబోలు. ఒక మనిషిని గిన్నెల దగ్గర సగం, కారులో సగం కోసి, ఆ సగాలకి చెరో కుర్చీ వేసి ఇద్దర్ని చేశాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన పేరు రాయనివాడు, ఇవాళ పేరు లేకుండా రెండుసార్లు రాశాడు.

ఆ రోజు మధ్యాహ్నం అత్తగారు మార్జరీ ఫోన్ చేసింది. చర్చిలో అందరూ పేపరు గురించే మాట్లాడుకుంటున్నారట. “వాడికి ఈసారి బహుమతి వస్తుంది, చూస్తూ ఉండు. వాణ్ణి ఇంటి విషయాలతో విసిగించకు” అంది. గ్రసియేలా సరేనంది. మార్జరీ తన చర్చి స్నేహితులకి కోడలు పిల్లల ఆసుపత్రిలో నర్సని చెప్పుకుంటుంది. ఇంటికి వెళ్ళినప్పుడల్లా, పిండి చేతికిచ్చే ముందు “చేతులు బాగా కడుక్కున్నావు కదమ్మా?” అంటుంది. పదకొండేళ్ళుగా అంటూనే ఉంది. గ్రసియేలా పదకొండేళ్ళుగా కడుక్కున్నానండీ అంటూనే ఉంది. రస్సెల్ ఆ మాట విన్నప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూస్తాడు.

సోమవారం క్లినిక్ మెట్ల దగ్గర ఇద్దరు టీవీ వాళ్ళు కెమెరాలతో నిలబడ్డారు. పైన ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఎప్పుడూ కిటకిటలాడే ముందు గదిలో నలుగురే ఉన్నారు. వాళ్ళలో నోరీన్ ఒకతి. తెర మీద ఆమెకి వేరే పేరు ఉంది గాని, సూది దగ్గర అందరికీ అమ్మానాన్నలు పెట్టిన పేరే. ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో ఉంటాయి. రెసీడాలో మూడో క్లాసు చదివే కూతురుంది. ఆమెకి నరం దొరకడం కష్టం. అందుకని ఎప్పుడొచ్చినా గ్రసియేలాయే కావాలంటుంది.

కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి, “నేనూ ఆ పదమూడులో ఒకదాన్నట, విన్నావా?” అంది నోరీన్.

“ఎవరన్నారు?”

“ఎవరు అనలేదో అడుగు. పోయిన నెల పద్ధెనిమిది రోజులు ఫ్లూతో మంచానపడ్డానుగా. ఈ ఏడాది ఎవరెవరు పనిలోకి రాలేదో చూసుకుని పదమూడు పేర్లు షూటింగుల వాళ్ళే రాసేసుకున్నారు. మా పాపని స్నేహితురాలి పుట్టినరోజుకి పిలిచారు, నిన్న సాయంత్రం ఫోన్ చేసి చోటు సరిపోదన్నారు. పార్కులో పార్టీ, గ్రసియేలా! పార్కులో చోటు సరిపోదట!”

గ్రసియేలా రబ్బరు పట్టీ కట్టింది. వేలితో నరం వెతుకుతూ, “నీ కాగితం చూపించలేకపోయావా వాళ్ళకి?” అంది. అడిగాక తనకే సిగ్గేసింది.

“పుట్టినరోజు పార్టీకా? పనిచేసే చోట నిర్మాతకి చూపించాను. ‘ఆ క్లినిక్కే దొంగది, దాని కాగితం ఎవడిక్కావాలి’ అన్నాడు. సరే, నా సంగతి వదిలెయ్. రేపు నా పక్కన పడుకునేవాడు కాగితం చూపిస్తాడు. నేనెలా నమ్మాలి? ఇన్నాళ్ళూ దీన్నొక్కదాన్నే కదా నమ్మింది మేము. ఇద్దరమ్మాయిలు ఇక పరీక్షకే రానంటున్నారు. వచ్చి ఏం లాభమట.”

సూది దిగింది. నోరీన్ ఎప్పట్లాగే మొహం పక్కకి తిప్పుకుంది. గొట్టం నిండుతుంటే గ్రసియేలాకి ఆ ఎర్రటి రంగు కేసి చూడాలనిపించలేదు. ఈ అమ్మాయి చెయ్యి ఆమె పదేళ్ళుగా పట్టుకుంటోంది. కడుపుతో ఉన్నప్పుడు పట్టుకుంది, తల్లి పోయినప్పుడు పట్టుకుంది. ఆమె రహస్యం ఏదీ గ్రసియేలా నోట బయటికి రాలేదు, నిజమే. పేరు చెప్పలేదు. లెక్క ఒక్కటే చెప్పింది. లెక్కకి మొహం ఉండదనుకుంది. ఇప్పుడు ఊరంతా కలిసి ఆ లెక్కకి మొహాలు అతికిస్తోంది.

మధ్యాహ్నం డాక్టర్ అడేర్ అందర్నీ గదిలోకి పిలిచింది. డెబ్బై దాటిన మనిషి, చేతికర్రతో నడుస్తుంది. ఆ సినిమాల వాళ్ళని ఏ ఆసుపత్రిలోనూ సరిగ్గా చూడటం లేదని ఈ క్లినిక్ తెరిచింది. “వార్త తప్పని ప్రకటన ఇచ్చాను” అంది. “పత్రిక వాళ్ళు తమ దగ్గర ఇద్దరు సాక్షులున్నారన్నారు. నేను ఆ పరిశ్రమ డబ్బు మీద బతికేదాన్ని కాబట్టి నా మాట చెల్లదన్నారు. ఆ పరిశ్రమ వాళ్ళ వెబ్‌సైట్లో మనల్ని సమర్థిస్తూ రాశారు, అది రాసినవాడు వాళ్ళ మనిషే కాబట్టి అదీ చెల్లదన్నారు. ఫైళ్ళు తెరిచి చూపిస్తే అరగంటలో నిజం తేలిపోతుంది. కానీ తెరిస్తే మనల్ని నమ్మి వచ్చినవాళ్ళ పేర్లు కూడా బయటికొస్తాయి. అందుకని తెరవను. అబద్ధాలకోరు అనిపించుకుంటాను.” చేతికర్ర అందుకుంటూ, “బయట మాట్లాడిందెవరో నేను వెతకను. వాళ్ళే వచ్చి చెబితే వింటాను” అంది.

తను వెతకననే అంది గాని, మనుషులు ఊరుకోరు. రికార్డులతో దగ్గరి పరిచయమున్న మరొకరు అంటే, ఆ క్లినిక్‌లో రికార్డులు సర్దేది ఒక్క మారివిక్కే. మనీలా నుంచి వచ్చి ఇరవై అయిదేళ్ళయింది. క్లినిక్ మొదలైన రోజు నుంచీ ఉంది. అందరూ ఆమెని వాళ్ళ భాషలో అక్క అనే పిలుస్తారు. మంగళవారానికి ఆమె కాఫీ గదిలోకి వస్తే మాటలు ఆగిపోవడం మొదలైంది. బుధవారం నాడు ‘గొడవ సద్దుమణిగేదాకా’ అని చెప్పి రికార్డుల తాళం తీసుకుని ఆమెని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. తన చలికోటు, పిల్లల ఫోటో తీసుకుని బల్ల మారింది. భోజనాల వేళ డబ్బా మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“తినక్కా” అంది గ్రసియేలా.

“తింటాలే. నువ్వొక్కదానివే ఇవాళ నా పక్కన కూర్చున్నది” అంది మారివిక్. “నీకు తెలుసు కదా, నేను అలాంటిదాన్ని కాదని.”

గ్రసియేలా తన డబ్బా మూత తీసి ఆమె ముందుకి జరిపింది. తెలుసక్కా, అంది. తెలుసు అన్న మాటలో ఎంత తెలుసో మారివిక్‌కి తెలియదు.

ఆ సాయంత్రం రస్సెల్ ఆమెకంటే ముందే ఇంటికొచ్చాడు. బంగాళాదుంపలు కూడా తొక్క తీసి పెట్టాడు. ఆమె చెప్పులు విప్పుతుంటేనే ఏదో అడగబోతున్నాడని తెలిసింది. పత్రికలో తప్పొప్పులు చూసే సంపాదకుడు లోరింగ్ అని ఒకాయన ఉన్నాడు. క్లినిక్ ప్రకటన తర్వాత ఆయన కాగితాలడుగుతున్నాడు. సాక్షులతో ఒకసారి తను మాట్లాడాలంటున్నాడు. పేర్లు ఆయన దగ్గరే ఉంటాయి, బయటికి రావు.

“నువ్వొక్కసారి వచ్చి చెప్తే చాలు గ్రసీ. అయిదు నిమిషాలు.”

“ఏమని చెప్పాలి?”

“జరిగిందే. పదమూడు మందిని పిలిచామని.”

“పన్నెండు మందికి ఏమీ లేదని కూడా చెప్పనా?”

అతను దుంప కింద పెట్టాడు. “చూడు, నేనేం ఆ అమ్మాయిల మీద పగతో రాయలేదు. వాళ్ళ ప్రాణాల గురించే రాశాను. లెక్క అటూ ఇటూ కావచ్చు, ప్రమాదమైతే ఉంది కదా? రేపు నిజంగా పదమూడు మందికి వస్తే అప్పుడేమంటావు?”

“అప్పుడు పదమూడు అంటాను. ఇప్పుడు లేదు అంటున్నాను. పదమూడు మందికీ రెండోసారి రక్తం తీసింది నేనే. పదమూడు కాగితాలూ కవర్లలో పెట్టింది నేనే.”

“నువ్వు రక్తం తీస్తావు గ్రసీ” అన్నాడు రస్సెల్. విసుగ్గా కాదు, చిన్నపిల్లకి చెప్పినంత ఓపికగా. “దాన్ని చదివి అర్థం చెప్పడం వేరే విద్య.”

ఆమెకి కోపం రాలేదు. వస్తుందనుకుని కాసేపు ఎదురుచూసింది కూడా. దానికి బదులు, చాలాకాలంగా మసకగా ఉన్నదేదో స్పష్టంగా కనిపించింది. గిన్నెలు తోముతూ యథాలాపంగా అన్న మాట మొదటి పేజీకి ఆధారమైంది. ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి, వివరంగా చెప్పిన మాట తెలియనితనమైంది. అంటే ఇతను తన మాటని ఎప్పుడూ నమ్మలేదు, ఎప్పుడూ కొట్టిపారెయ్యలేదు కూడా. తనకి పనికొచ్చినంత మేరకి కత్తిరించి వాడుకున్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి ఇంట్లో తన చుట్టూ జరుగుతున్నదదే కాబోలు. ఇవాళ అచ్చులో చూసింది కాబట్టి చదవగలిగింది. అతని మొహంలో అలసట కూడా కనిపించింది. ఆ ఏడాది పత్రికలో మూడు విడతలుగా మనుషుల్ని తీసేశారు. ప్రతి విడతకీ అతను ఒక వారం నిద్రపోలేదు. ఆ భయం ఆమెకి తెలుసు. ఆ భయానికి టీ కాచి ఇచ్చింది కూడా ఆమే.

“రెండో మనిషిని ఎక్కడినుంచి తెస్తావు?” అంది.

రస్సెల్ బల్ల మీద ఉప్పు డబ్బా అటూ ఇటూ జరిపాడు. “ఆ ఫిలిప్పీన్స్ ఆవిడ మీద అందరికీ అనుమానంగా ఉందన్నావు కదా నిన్న.”

గ్రసియేలా అతనికేసి చూసింది.

“ఎలాగూ ఆవిడ పేరు అక్కడ అందరి నోళ్ళలో నానుతోంది. ఆవిడే చెప్పిందనుకో, ఆవిడ రానక్కర్లేదు. నువ్వు ‘అవును, మారివిక్ నా ముందే చెప్పింది’ అంటే లోరింగ్ ఊరుకుంటాడు. ఆవిడకేం నష్టం? పేరు బయటికి రాదుగా.”

నిన్న కన్నీళ్ళు పెట్టుకుంటూ చెప్పింది అతనికి, మారివిక్ అక్కని ఫోన్ల దగ్గరికి మార్చబోతున్నారని. వీపు నిమిరాడు. నిమురుతూనే పేరు గుర్తుపెట్టుకున్నాడు.

“దుంపలు నల్లబడతాయి, నీళ్ళలో వెయ్యి” అని మాత్రం అంది. ఆ రాత్రి భోజనం దగ్గర ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఊళ్ళో ఇంకా రెండ్రోజులు ఎండలు తప్పవని అతనన్నాడు.

గురువారం పొద్దున్న అందరికంటే ముందు క్లినిక్‌కి వెళ్ళి డాక్టర్ అడేర్ గది తలుపు తట్టింది. నిలబడే చెప్పింది. భర్త ఏ పత్రికలో పనిచేస్తాడో, తను ఏ రోజు ఏం అన్నదో, ఎవరి పేరూ అనలేదని, అయినా లెక్క బయటికి చెప్పానని. ఆ ఇద్దరు సాక్షులూ తనేనని. డాక్టర్ అడేర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“నీ భర్త విలేకరి అని నాకు ముందే తెలుసు” అంది. “భర్తలతో మాట్లాడొద్దని రూలు పెట్టడం ఎలాగో నాకు తెలీక ఊరుకున్నాను. నిన్ను ఉంచుకోలేనమ్మా. ఉంచుకుంటే ముందు గదిలో కూర్చున్న వాళ్ళకి ఏం చెప్పను?”

“తెలుసండీ. ఒక్క మాట. మారివిక్ అక్క తాళాలు ఇవాళే ఇచ్చెయ్యండి. అందరి ముందూ ఇవ్వండి.”

అందరి ముందూ ఇచ్చింది డాక్టర్. ఎందుకిస్తోందో కూడా చెప్పింది. గ్రసియేలా గోడవార నిలబడి విన్నది. మారివిక్ తాళాలు తీసుకుని, ఆమెకేసి చూడకుండా తన పాత బల్ల దగ్గరికి వెళ్ళి సొరుగులు తెరిచి సర్దుకోవడం మొదలుపెట్టింది. చూడదని గ్రసియేలాకి తెలుసు. చూస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

అక్కడినుంచి తిన్నగా డౌన్‌టౌన్‌లో పత్రిక ఆఫీసుకి వెళ్ళింది. రస్సెల్ ఆ రోజు శాక్రమెంటోలో ఉన్నాడు. లోరింగ్ అరవై దాటిన మెతక మనిషి. చొక్కా జేబులో మూడు పెన్సిళ్ళున్నాయి. ఆమె పేరు విని లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“మీరు వస్తారని రస్సెల్ చెప్పాడు. పేరు బయటికి రాదు, భయం లేదు. మీరు మొదటి సాక్షి కదూ?”

“రెండో సాక్షిని కూడా నేనే” అంది గ్రసియేలా.

చెప్పాల్సిందంతా చెప్పింది. గొట్టాలు పగలడం గురించి, మొదటి పరీక్ష, రెండో పరీక్ష గురించి, గిన్నెల దగ్గర అన్న మాట గురించి, కారులో అన్న మాట గురించి. మారివిక్ పేరు ఎందుకు చెప్పమన్నాడో కూడా చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. లోరింగ్ రాసుకుంటూ రాసుకుంటూ ఆగాడు. పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

“మిసెస్ టేట్, ఇది చాలా పెద్ద ఆరోపణ. మీ ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా? తప్పుగా అనుకోకండి. ఇలాంటి విషయంలో మీరొక్కరు చెబితే మేం వెయ్యలేం. దీన్ని ధ్రువీకరించే మనిషి ఇంకొకరెవరైనా ఉన్నారా?”

గ్రసియేలాకి నవ్వొచ్చింది. ఆపుకుంది. భర్త నోటి ద్వారా వచ్చినప్పుడు తను ఇద్దరు. తన కాళ్ళ మీద నడిచొచ్చి చెబితే ఒక్కతి, ఆ ఒక్కతీ చాలదు. లోరింగ్ తప్పేం లేదు. ఆ ప్రశ్న ఆదివారానికి ముందు రస్సెల్‌ని అడగాల్సింది, అంతే.

“నన్ను నమ్మక్కర్లేదండీ” అంది. “మీకు తెలిసిన ఏ డాక్టరుకైనా ఫోన్ చేసి, మళ్ళీ పిలవడానికీ జబ్బు ఉండటానికీ తేడా ఏమిటో అడగండి. తర్వాత మీ విలేకరికి ఫోన్ చేసి రెండో సాక్షి నంబరు అడగండి. నేను ఇక్కడే కూర్చుంటాను.”

కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. లోరింగ్ మొదటి ఫోన్ చేసి పది నిమిషాలు విన్నాడు. మధ్యలో “ఓహో” అన్నాడు రెండుసార్లు. రెండో ఫోన్ చేసి, “రస్సెల్, ఆ రెండో మనిషి నంబరొకసారి చెప్పు, నేనే మాట్లాడతాను” అన్నాడు. అవతల ఏం వినిపించిందో గాని ఆయన రిసీవరు చెవి నుంచి కొంచెం దూరంగా పట్టుకున్నాడు. గదిలో ఏమీ వినిపించలేదు. ఎంతసేపటికీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం గ్రసియేలాకి బాగా తెలిసిందే.

శనివారం పేపర్లో మొదటి పేజీలోనే సవరణ వేశారు. పదమూడు తప్పని, ఇద్దరు సాక్షులని చెప్పినవారు ఒక్కరేనని, ఆ ఒక్కరూ విలేకరి భార్య అని, ఆమె చెప్పింది కూడా అది కాదని. పేరు వెయ్యొచ్చా అని లోరింగ్ అడిగితే వెయ్యమంది. అత్తగారు ఆ తర్వాత ఫోన్ చెయ్యలేదు. నోరీన్ చేసింది. “నిన్ను తిట్టాలని చేశాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు” అంది. మళ్ళీ తనే, “పాపని ఇంకో పుట్టినరోజుకి పిలిచారు, అది మాత్రం చెబుదామనుకున్నా” అని పెట్టేసింది. పరీక్షకి రానన్న ఇద్దరమ్మాయిల్లో ఒకతి మళ్ళీ వస్తోందని, రెండో అమ్మాయి ఊరే వదిలి వెళ్ళిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. దానికి సవరణ ఎక్కడ వేస్తారో ఎవరికీ తెలియదు.

రస్సెల్ ఉద్యోగం పోయింది. బట్టలు సర్దుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, “ఇంట్లో మాటలు బయటపెడతావనుకోలేదు” అన్నాడు. అన్నాక తనే ఆ మాట విన్నాడు. మొహం ఎర్రబడింది. సూట్‌కేసు తీసుకుని బేకర్స్‌ఫీల్డ్ వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక గ్రసియేలా పడగ్గదిలో కిటికీ తెరిచి, మంచానికి అడ్డంగా పడుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయింది. లేచేసరికి ఎండ తగ్గింది. ఆకలేసింది. తను ఒక్కతే తినడానికి ఎంత వండాలో తెలీక కొంచెం ఎక్కువే వండింది.

ఏడు వారాల తర్వాత బర్బాంక్‌లో రక్తదానాలు తీసుకునే ఒక కేంద్రంలో ఇంటర్వ్యూకి పిలిచారు. అడిగేవాళ్ళలో పెద్దది ఒక అర్మేనియన్ ఆవిడ, పేరు అనాహిత్. తెల్లజుట్టు ముడి వేసుకుని, దరఖాస్తు మీద వేలు పెట్టి ప్రతి వరసా చదివింది. చేతులు చూపించమంది, వేళ్ళు వణుకుతున్నాయేమోనని. వణకలేదు. చివరి వరస దగ్గర ఆగింది.

“పదకొండేళ్ళు ఒకే చోట. మంచి మాటే రాసింది డాక్టరు. మరి ఎందుకు తీసేశారు?”

“పని గురించి ఇంట్లో మాట్లాడాను.”

“అంతేనా?”

“తర్వాత అదే సంగతి బయట మాట్లాడాను.”

అనాహిత్ కళ్ళజోడు పైనుంచి చూసింది. పేపర్లో ఆ పేరు చదివిన గుర్తు ఆవిడ మొహంలో మెల్లగా తేలింది. దరఖాస్తు మడతపెట్టింది.

“ఆ రెండింట్లో దేనికైనా బాధపడుతున్నారా?”

గ్రసియేలా తొందరపడలేదు. అడిగిన మనిషి జవాబు కోసమే అడిగిందని తెలిసి, నిజంగానే ఆలోచించింది.

“మొదటిదానికి” అంది.